గేటు మెల్లగా దించండి

జలవనరుల శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లకు, లస్కర్లకు, మత్స్యశాఖ సిబ్బందికి

వాన వెలిసిన మూడో రోజు కుశస్థలి ఏటి వెంబడి నడిచి చూడండి. మొన్న మోకాటి లోతున పారిన చోట ఇసుక తేలి ఉంటుంది. పక్కనే చిన్న గుంట. అందులో వేలెడంత పరిగెలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటుంటాయి, గట్టున కొంగలు కాచుకుని ఉంటాయి. సాయంత్రానికి గుంట ఖాళీ. పైన గేటును ఒక్కసారిగా దించేస్తే ఏ ఏటిలోనైనా జరిగేది ఇదే. నీరు మెల్లగా తగ్గి ఉంటే ఆ చేపలు పాయతోపాటు లోతుకు జారుకునేవి.

తిరుత్తణి, తిరువళ్లూరు వైపు ఈ ఏటిని కొసస్తలై ఆరు అంటారు. చిత్తూరు జిల్లా కొండల నీళ్లు కార్వేటినగరం మండలంలోని కృష్ణాపురం జలాశయంలో ఆగుతాయి. గేట్లెత్తితే పళ్లిపట్టు మీదుగా తమిళనాడులోకి దిగి, 1944లో పూర్తయిన పూండి జలాశయానికి చేరతాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇప్పుడు ఏటి పైభాగం ఒక రాష్ట్రానిది, కిందిభాగం మరో రాష్ట్రానిది. గేటు ఒకరి చేతిలో, చేప ఇంకొకరి ఇలాకాలో.

అరువు అంకె పెట్టుకోకండి

చేపలకు ఎంత నీరు వదలాలని అడిగితే చాలామంది ఒక శాతం చెబుతారు. 1976లో టెనాంట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఏడాది సగటు ప్రవాహంలో 10 శాతం ఉంటే చేప ప్రాణం మాత్రం నిలుస్తుందని, 30 శాతం ఉంటే బాగా బతుకుతుందని లెక్క కట్టాడు. ఆయన చూసినవి మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కా ఏరులు. మన దేశంలో గంగ ఎగువ భాగానికి 2018 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది: నెలవారీ సగటు ప్రవాహంలో నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం వదలాలి. అది మంచు కరిగి ఏడాది పొడుగునా పారే నది.

కుశస్థలి ముఖ్యంగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలకు పారే ఏరు. వేసవిలో ఎండడం దాని స్వభావం. ఏడాది సగటు అనేది ఇక్కడ ఏ ఒక్క రోజూ కంటికి కనిపించని అంకె. ఈ ఏటి చేప కోరేవి మూడు: వానకు ఎదురెక్కడానికి చాలినంత నీరు, మెల్లగా తగ్గే నీరు, వేసవిలో ఆరిపోని మడుగు. మీ నియమాన్ని ఈ మూడింటి చుట్టూ రాసుకోండి.

కొలత ఎలా

ఏరు రాళ్ల మీద గలగలమంటూ పలుచగా పారే చోటు చూసుకోండి. చేప అక్కడ దాటగలిగితే మిగతా చోట్లా దాటగలదు. గట్టు నుంచి గట్టుకు తాడు కట్టి, అరమీటరుకో లోతు కొలవండి. 10 మీటర్ల దూరం గుర్తుపెట్టి, ఎండు కొబ్బరికాయను వదిలి, ఎన్ని సెకన్లలో చేరిందో చూడండి. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.3 మీటర్లు, సమయం 25 సెకన్లు అనుకుందాం. పైపొర వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగున వేగం తక్కువ కాబట్టి 0.85తో గుణించాలి. అన్నీ కలిపి గుణిస్తే సెకనుకు 0.41 ఘనపు మీటర్లు, అంటే సుమారు 14 క్యూసెక్కులు.

గేటు ఒక్కో ఎత్తులో ఉన్నప్పుడు ఇలా ప్రవాహం కొలిచి, దానికి ఎంత వెడల్పు తడుస్తోందో గ్రాఫ్ గీయండి. మొదట గీత నిటారుగా లేస్తుంది, తర్వాత వంగుతుంది. ఆ వంపు దగ్గర ఉన్నదే మీ కనీస ప్రవాహం. ఏరు పారే రోజుల్లో, జలాశయానికి ఇన్‌ఫ్లో ఉన్నంతకాలం దానికన్నా తగ్గనివ్వకండి.

దించేటప్పుడు

వరద రోజుల్లో మనుషుల ప్రాణం ముందు. గేటెత్తే ముందు సైరన్, దండోరా, కాజ్‌వేల దగ్గర కాపలా తప్పనిసరి. చేప సంగతి ఎక్కువగా దించేటప్పుడు వస్తుంది. కొరమీను గట్టు పక్క తుంగలో, లోతు లేని నీళ్లలో గూడు చేసుకుని పిల్లలను కాస్తుంది. మట్టం జానెడు పడితే ఆ గూడు గట్టున పడుతుంది. అందుకే దశలవారీగా దించండి. ఒక్కో దశ తర్వాత కింది గేజి నిలకడకు వచ్చేదాకా ఆగండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సాల్మన్ పిల్లల కోసం గంటకు ఒకటి రెండు అంగుళాలకు మించి మట్టం తగ్గకూడదన్న సూచన ఉంది. మొదలుపెట్టడానికి అది చాలు. మన చేపకు సరిపోయేది మన గేజి, మన కళ్లే చెప్పాలి.

వేసవికి ముందు లోతైన మడుగులన్నీ పటంలో గుర్తించండి. అక్కడ మోటారు పెట్టినా, ఇసుక తవ్వినా వచ్చే ఏడాది విత్తనం పోయినట్టే. వెంటనే పైఅధికారికి రాతపూర్వకంగా తెలపండి.

మీ బలం రెండు భాషలు

ఈ సరిహద్దులో తెలుగు, తమిళం రెండూ వచ్చిన ఉద్యోగి విలువ చాలా ఎక్కువ. గేటు దించే వేళను కింది రాష్ట్రం వారికి ముందే ఫోన్ చేసి చెప్పండి. రిజిస్టరులో చేపల పేర్లు రెండు భాషల్లోనూ రాయండి: కొరమీను విరాల్, బొమ్మిడాయి ఆరల్, జెల్ల కెళుత్తి. జాలరి ఏ పేరు చెప్పినా లెక్క తప్పదు. గేజి సందేహాలకు పూండిలోనే జలశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, చేపను గుర్తుపట్టడానికి పొన్నేరి మత్స్య కళాశాల ఉంది. వెళ్లి అడగండి.

గేటు దించిన మూడో రోజు తప్పకుండా ఏట్లోకి దిగి నడవండి. పాయ నుంచి తెగిపోయిన గుంటలు ఎన్ని, వాటిలో చేప ఉన్నవి ఎన్ని, లెక్కపెట్టండి. ఆ అంకెను గేటు దించిన వేళల పక్కనే రాసుకోండి. వచ్చేసారి ఎంత మెల్లగా దించాలో అదే చెబుతుంది.