బండి చైను ఎంత వదులుండాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేము ముగ్గురం ఫోన్లో చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. కవిత్వం మాకు రాదు. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఆదివారం కోడిగుడ్డు గురించి ఇంకెన్నిసార్లు చదువుతారు? అందుకే మాకు తెలిసిన పని గురించే రాద్దామనుకున్నాం. మాలో ఒకడు జగిత్యాలలో బండ్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. ఇంకొకడు గల్ఫ్‌లో కొన్నేళ్ళు చేసి వచ్చి కోరుట్లలో స్థిరపడ్డాడు. మూడోవాడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తున్నాడు. ముగ్గురికీ బండ్లున్నాయి. ముగ్గురం ఒకసారి చైను దగ్గర దెబ్బతిన్నవాళ్ళమే.

2008 వర్షాకాలంలో కోరుట్లవాడు ఒక వంద సీసీ బండి సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్న నెలకే చైను కవరులోంచి టకటకమని సప్పుడు మొదలైంది. రోడ్డు పక్కన ఒక షెడ్డుకు తీసుకుపోయి, "అన్నా, సప్పుడు బందు కావాలె, గట్టిగ బిగియ్యి" అన్నాం. ఆయన గట్టిగానే బిగించాడు. సప్పుడు బందైంది. మేము సంతోషపడి ఇరవై రూపాయలిచ్చి వచ్చాం.

ఆ వారంలోనే సిరిసిల్లవాడి బాపు చుట్టాల ఇంటికి కోరుట్ల వచ్చాడు. తిరుగు ప్రయాణంలో బస్సు దొరకలేదని కోరుట్లవాడు ఆయన్ని బండి మీద ఎక్కించుకున్నాడు. ముందర టాంకీ మీద పాతిక కిలోల బియ్యం సంచి, వెనక బాపు. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోవాలి. రుద్రంగి దాటాక ఒక గుంతలో బండి దిగి లేచింది. ఫట్‌మని చైను తెగి, ఇంజను దగ్గరి చిన్న చక్రానికి చుట్టుకుంది. వెనక చక్రం పట్టేసింది. బండి అడ్డం తిరిగి ఇద్దరూ పడ్డారు. బాపు కుడి మణికట్టు విరిగింది.

మగ్గం మీద పనిచేసే మనిషికి కుడి చెయ్యి లేకుంటే ఏమవుతుందో సిరిసిల్ల తమ్ముళ్ళకు చెప్పనక్కర్లేదు. రెండు నెలలు కూలి లేదు. వాళ్ళ చెల్లె ఇంటర్ ఫీజు మేము ముగ్గురం చిట్టీ డబ్బులతో కట్టాం. ఆ షెడ్డాయన్ని మేము చాలా రోజులు తిట్టుకున్నాం. తర్వాత మాలో ఒకడు అదే పని నేర్చుకుని, కారణం అర్థమయ్యాక నోరు మూసుకున్నాం. గట్టిగా బిగించమన్నది మేమే కదా!

చైను వదులైతే చెడు, బిగిస్తే మంచిది అని అందరూ అనుకుంటారు. అసలు చైనుకు వదులు ఎందుకు కావాలో తెలియాలంటే తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకం చాలు. బండి పక్కన కూర్చుని మూడు చోట్లు చూడండి. ఇంజను దగ్గర చైను తిరిగే చిన్న పళ్ళచక్రం నడిమి చోటును 'అ' అనుకుందాం. వెనక చక్రాన్ని పట్టుకునే రెండు చేతుల ఇనుప చట్రం ఉంటుంది, దాన్ని స్వింగ్ ఆర్మ్ అంటారు. అది ఫ్రేముకు అతుక్కుని పైకీ కిందికీ ఆడే చోటు 'ఆ'. వెనక చక్రం ఇరుసు 'ఇ'. ఇందులో 'అ' నుంచి 'ఆ'కు దూరం మారదు, ఎందుకంటే రెండూ ఫ్రేముతోనే ఉన్నాయి. 'ఆ' నుంచి 'ఇ'కి దూరం కూడా మారదు, అది చట్రం పొడవు. మారేది మూడోది, 'అ' నుంచి 'ఇ'కి ఉండే దూరం. చైను చుట్టుకుని ఉన్నది సరిగ్గా ఈ రెంటికే.

త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువ అని సార్లు మనతో ఎన్నిసార్లు వల్లె వేయించారు! బండి ఖాళీగా స్టాండు మీద ఉన్నప్పుడు వెనక చక్రం కిందికి వేలాడుతుంది. మూడు చోట్లూ త్రిభుజంలా ఉంటాయి. మనిషి కూర్చుంటే, వెనక ఇంకొకరు ఎక్కితే, సంచి పెడితే, షాకులు అణిగి ఫ్రేము కిందికి దిగుతుంది. అంటే ఫ్రేముతో పోల్చితే చక్రం పైకి వస్తుంది. త్రిభుజం అణిగి అణిగి మూడు చోట్లూ ఒకే గీత మీదికి వస్తాయి. అప్పుడు మూడో భుజం రెండు భుజాల మొత్తంతో సమానమవుతుంది. అంతకంటే పొడవు కావడానికి వీల్లేదు. చైను అన్నింటికంటే బిగుతుగా ఉండేది ఆ క్షణంలోనే.

ఖాళీ బండి మీద చైనులో మనకు కనిపించే వదులు ఆ క్షణం కోసం దాచిన పొడవు. మేము దాన్ని ముందే తీసేశాం. మీద ఇద్దరు మనుషులు, బియ్యం సంచి, కింద గుంత. చక్రం పైకి రాబోతే చైను రానివ్వలేదు. ఆ గుంజులాటలో ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తెగింది. అది తెగకపోయినా చక్రం బేరింగో, ఇంజనులో ఆ చిన్న చక్రం ఉన్న షాఫ్టు బేరింగో పోయేది. మితిమీరి వదులైన చైను పళ్ళ మీద నుంచి జారిపోతుంది, అదీ ప్రమాదమే. కానీ అది ముందుగా టకటకమని చెబుతుంది. బిగుతు చైను చప్పుడు చేయదు, ఏమీ చెప్పదు.

ఈ లెక్క చెప్పినప్పుడు మా సిరిసిల్లవాడు నవ్వి, "పడుగు సంగతి గూడ గంతే కదరా" అన్నాడు. బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి, తక్కువైతే చిక్కుపడతాయి. బట్ట నేసేవాడికి అది చేతి వేళ్ళకు తెలుస్తుంది. చైనుకు మాత్రం స్కేలు పెట్టి చూడాలి.

ఎంత వదులుండాలి? బండిని బట్టి మారుతుంది. మామూలు వంద సీసీ బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ప్రాంతంలో చెబుతారు. పెద్ద బండ్లకు వేరే ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ, స్వింగ్ ఆర్మ్ మీద అంటించిన కాగితం మీద గానీ ఉంటుంది. మెయిన్ స్టాండు మీద చూడాలా, సైడు స్టాండు మీద చూడాలా అన్నది కూడా అందులోనే ఉంటుంది. ఆ అంకెను నమ్మండి, మమ్మల్ని కాదు.

ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో పెట్టి మొదలుపెట్టాలి. మూసిన కవరున్న బండికి కవరులో చూసుకునే రంధ్రం, దానికి రబ్బరు మూత ఉంటాయి. మూత తీసి, రెండు చక్రాల నడిమిన కింది వరస చైనును స్క్రూడ్రైవరుతో పైకెత్తి కిందికి నొక్కితే మొత్తం ఎంత ఆడిందో అదే వదులు. ఒక్కచోట చూసి వదలొద్దు. చక్రాన్ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి. చైను అంతటా ఒకేలా అరగదు. ఒకచోట 35 ఉండి ఇంకోచోట 20 ఉండొచ్చు. బిగుతుగా ఉన్న చోటునే లెక్కలోకి తీసుకోవాలి. వదులున్న చోట చూసి బిగిస్తే రెండోచోట మా రుద్రంగి కథే.

తేడా ఉంటే వెనక ఇరుసు నట్టు వదులు చేయాలి. కొన్ని బండ్లకు పళ్ళచక్రం వైపు స్లీవ్ నట్టు అని ఇంకొకటి ఉంటుంది, దాన్నీ వదలాలి. తర్వాత రెండు వైపులా ఉన్న అడ్జస్టర్ నట్లను సమానంగా తిప్పాలి. ఇటు సగం చుట్టు అయితే అటూ సగం చుట్టే. స్వింగ్ ఆర్మ్ మీద రెండు పక్కలా గీతలుంటాయి. ఇటు మూడో గీత దగ్గరుంటే అటూ మూడో గీత దగ్గరే ఉండాలి. లేకుంటే చక్రం వంకరగా కూర్చుని, చైను పళ్ళను ఒక పక్కనుంచి గీకుతూ తింటుంది. ఇరుసు నట్టు బిగించాక మళ్ళీ కొలవండి, బిగించేటప్పుడు వదులు కాస్త మారుతుంది. డ్రమ్ము బ్రేకు బండి అయితే చక్రం వెనక్కి జరిగింది కాబట్టి బ్రేకు రాడ్డు గుంజుకుని బ్రేకు పట్టేసి ఉండొచ్చు. చక్రం చేత్తో తిప్పి, బ్రేకు పెడలు నొక్కి, రాడ్డు నట్టు సరిచేయాలి. ఇది మరిచిపోయి బ్రేకు కాలి వాసనొస్తుందని మా షెడ్డుకు వచ్చేవాళ్ళు చాలామంది.

ఇక చైను సాగిందని అంటారు కదా, అసలు ఇనుప పలకలు సాగవు. ఈ రకం చైనుకు 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళయినా నిర్మాణం అదే. లోపలి పలకలకు గొట్టం లాంటి బుష్షు ఉంటుంది, దాని మీద రోలరు తిరుగుతుంది. బయటి పలకలకు పిన్ను ఉంటుంది. పిన్ను బుష్షు లోపల మెదులుతుంది. అరిగేది అక్కడే, మన కంటికి కనిపించని చోట. వంద సీసీ బండ్లకు ఎక్కువగా వేసే 428 నంబరు చైనుకు పిన్ను నుంచి పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇరవై లింకులు కొలిస్తే 254 మిల్లీమీటర్లు రావాలి. ఒకటో పిన్ను నడిమి నుంచి ఇరవై ఒకటో పిన్ను నడిమి వరకు, చైనును బిగువుగా పట్టి కొలవాలి. అది 259కి చేరితే చైను పని అయిపోయినట్లే. అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఒక్కో కీలు దగ్గర పావు మిల్లీమీటరు అరుగుదల అది. చైనుకు వందకు పైగా కీళ్ళుంటాయి, అన్నీ కలిస్తే రెండున్నర సెంటీమీటర్ల పైమాట.

అలాంటి చైనులో రెండు లింకులు తీసేసి పొట్టి చేసి నడిపేవాళ్ళున్నారు. మేమూ నడిపాం. పొడవు తగ్గుతుంది గానీ పిన్నుకూ పిన్నుకూ మధ్య పెరిగిన దూరం పోదు కదా. పళ్ళకూ చైనుకూ పొంతన ఉండదు, పళ్ళు కొడవలిలా వంగిపోతాయి. మార్చేటప్పుడు చైను, రెండు పళ్ళచక్రాలు కలిపి సెట్టుగా మార్చండి. కొత్త చైనును పాత పళ్ళ మీద వేయడం డబ్బు దండగ.

చైను లాకు క్లిప్పు చేప ఆకారంలో ఉంటుంది. మూసి ఉన్న తలవైపు చైను నడిచే దిక్కుకు ఉండాలి. పై వరసలో చైను ముందుకు పోతుంది కాబట్టి అక్కడ చూస్తే తల ముందుకు, చీలిన తోక వెనక్కి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడిపోతుంది.

నూనె సంగతి. మా చిన్నప్పుడు రేషన్ దుకాణంలో దొరికే కిరోసిన్‌తోనే అందరూ కడిగేవాళ్ళు. ఇప్పుడు దొరక్కపోతే మామూలు చైనుకు డీజిల్ వాడొచ్చు. పాత టూత్ బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరాక 90 నంబరు గేరు ఆయిలు పలకల సందుల్లో చుక్కలుగా వేయాలి. నూనె చేరాల్సింది పిన్నుకు, బుష్షుకు మధ్య. మట్టి మీదనే గ్రీజు పూస్తే అది లోపలికి పోదు. పైగా దుమ్ముతో కలిసి సానరాయిలా పనిచేస్తుంది. మేము తెరిచి ఉన్న చైనుకు ఐదువందల కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే మరునాడే నూనె వేస్తాం.

నూనె వేసేటప్పుడు ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి, గుడ్డ పట్టుకుని చైను తుడవడం చాలా షెడ్లలో చూస్తుంటాం. తొందరగా అవుతుందని. మా బ్యాచి మిత్రుడొకడికి ఎడమచేతి ఉంగరం వేలు చివర అలాగే పోయింది. గుడ్డ చిక్కుకుంటే వేలును వెంట తీసుకుపోతుంది, చెయ్యి వెనక్కి తీసుకునేంత సమయం ఉండదు. చక్రం చేత్తోనే తిప్పండి. అప్పుడు కూడా పళ్ళ దగ్గర వేళ్ళు పెట్టొద్దు.

స్టైలు కోసం చైను కవరు ఊడదీసే తమ్ముళ్ళకు ఒక మాట. ఆ కవరు దుమ్ము ఆపడానికే కాదు. వెనక కూర్చున్న అమ్మ కొంగు, చెల్లె చున్నీ చైనులో పడకుండా ఆపేది కూడా అదే. దాన్ని మళ్ళీ బిగించేదాకా ఎవరినీ ఎక్కించుకోవద్దు.

ఇప్పుడు హాస్టల్‌లో ఉన్నవాళ్ళకు లైసెన్సు వయసు రాలేదు, బండ్లూ లేవు. ఫరవాలేదు. మామూలు సైకిలు చైనుకు కూడా పిన్ను నుంచి పిన్నుకు అదే అర అంగుళం. వెడల్పు తక్కువ. వార్షికోత్సవం అయిన మరునాడు పొద్దున మేము ముగ్గురం పానాల సంచి తీసుకుని వస్తాం. వంట అన్న సైకిలు చైను ముందు కొలుద్దాం, తర్వాత మా బండ్లు. నూనె, గుడ్డలు మేము తెస్తాం. ముప్పై సెంటీమీటర్ల స్కేలు మీరు తెచ్చుకోవాలి.