లిస్టు రాసేముందు

వనపర్తి,
ఏప్రిల్ నెల

చిట్టీ,

నీ ఉత్తరం చేరింది. ఒంటిపూట బడి విడిచేసరికి గద్వాలల ఎండ నడినెత్తికి వస్తున్నదని రాసినవు. ఇక్కడ వనపర్తిల గూడ అట్లనే ఉన్నది. తలకు కొంగు కప్పుకోకుండ బండెక్కకు. పొద్దున ఏమన్న తిని పోతున్నవా? మీ అమ్మకు చెప్పకున్నా నాకు చెప్పు.

ఇగ నువ్వు పంపిన లిస్టు సంగతి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఎండకాలం సెలవులల్ల చదవనీకె అని పుస్తకాల పేర్లు రాసినవు. చూస్తే అన్నీ నీతి కథలు, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జి, ఇంగ్లీషు గ్రామరు. నాకు కోపమొచ్చింది బిడ్డా. ఇది పిల్లల కోసం రాసినవా, హెడ్మాస్టరు సంతకం కోసం రాసినవా? అయినా నిన్ను అని ఏం లాభం! డీఎస్సీల ఉద్యోగమొచ్చి ఏడాదన్న నిండలే. ఎవరూ అడగకముందే పిల్లల చేతికి పుస్తకం ఇయ్యాలెనని అనుకున్నవు. ఆ మాట చదివి నా కడుపు నిండింది.

ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాక సెలవులంటే ఏడు వారాలు. ఆ ఏడు వారాలు మనం వాళ్ల పక్కన ఉండం. పరీక్ష ఉండదు, మార్కులుండవు. పుస్తకమే పిల్లను పట్టి కూసోబెట్టాలె. అందుకే ఇది పిల్లను బాగుచేస్తదా అని ముందే చూడకు. పిల్ల దీన్ని ఆఖరుదాక చదువుతదా అని చూడు.

నేను గట్టు దిక్కు పనిచేసేటప్పుడు ఎనిమిదో తరగతిల ఒక పిలగాడు ఉండె. ఏటా విత్తన పత్తి క్రాసింగు వచ్చిందంటే చేన్లకు పోయేటోడు. ఆ నెలల పాఠాలన్నీ పోయేటివి. ఒత్తులొస్తే ఆగిపోయేటోడు. చదువు రాదని వానికి ఒకటో తరగతి బొమ్మల పుస్తకం ఇచ్చిన్రు. తరగతంత నవ్వింది. ఆ తర్వాత వాడు పుస్తకాల బీరువా దిక్కు రాలేదు. మూతి మీద నూగుమీసం వస్తున్న పిలగాని చేతిల కుందేలు బొమ్మ పెడితే వానికెంత అవమానం! మళ్ల వాన్ని పుస్తకం దగ్గరికి తెచ్చినయి గోరటి వెంకన్న పాటలు. వెంకన్నది నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం, మన మట్టి మనిషి. ఆయన పాటలు ఆ పిలగానికి నోటికి వస్తుండె. అచ్చయిన పాట ముందర పెడితే, నోట్లె మాట ముందు పోతుంటే వేలు అక్షరం మీద వెనకనే నడిచింది. ఒత్తులన్నీ పాటల్నే దొరికినయి. చదవడం కష్టమున్న పిల్లలకు ముందుగాల వాళ్లకు తెలిసిన పాటో, తెలిసిన కథో ఇయ్యి. పుస్తకం చిన్నగుంటే చాలు, చిన్నపిల్లలది కావద్దు. ఈ ఒక్కటి మరువకు.

మహనీయుల జీవితాలు వద్దంటలేను. మీ నడిగడ్డ పిల్లలకు సురవరం ప్రతాపరెడ్డి కథ చెప్పకుంటె ఎట్ల? ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు, మీ గద్వాల జిల్లల్నే. 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. నిజాం రాజ్యంల తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, తిట్టుకుంట కూసోలే. ఊరూర కవులను వెతికించి, 354 మంది కవిత్వంతోని 1934ల గోలకొండ కవుల సంచిక తీసిండు. 1952ల మన వనపర్తి నుంచే ఎమ్మెల్యే అయిండు. పుట్టిన తేది, బిరుదులు, సన్మానాలతోని మొదలయ్యే పుస్తకమిస్తే పిల్లలు రెండో పేజీల మూస్తరు. ఆయనకు వచ్చిన పంతం ముందుగాల నువ్వు చెప్పు, అప్పుడు పుస్తకం అందియ్యి. కవులంటే యాదికొచ్చింది, గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అనేటోళ్లు. పండితులకు శాలువలు దొరికినయి, నిజమే. మగ్గం కాడ కూసున్న పిల్లకు మాత్రం కథల పుస్తకం ఎవరూ ఇయ్యలే. ఆ బాకీ ఇప్పుడు నీ మీద, నా మీద ఉన్నదని నేననుకుంట.

ఏడో తరగతికి నేను ముందు పెట్టేది రైలుబడి. జపాన్‌ల తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం. అల్లరి ఎక్కువని ఒక బడి నుంచి వెళ్లగొడితే, రైలుపెట్టెలే తరగతి గదులైన ఇంకో బడిల చేరుతది. మొదటి రోజు అక్కడి హెడ్మాస్టరు కొబయాషి ఆ పిల్ల చెప్పేదంత గంటల తరబడి వింటడు. మన పిల్లలు ఈ పుస్తకం వదలరు. వాళ్ల కన్నా ముందు నువ్వు చదువు.

సైన్సు పుస్తకం మాత్రం చేతికి ఊకె ఇయ్యకు, ప్రశ్నతోని ఇయ్యి. జూరాల ప్రాజెక్టు గేట్లు మనుషులు ఎత్తుతరు. వనపర్తి దిక్కు సరళాసాగర్‌కు సైఫన్లున్నయి. నీళ్లు ఒక మట్టం దాటంగనే అవి వాటంతట అవే పారుతయి. ఎట్ల పారుతయి? ఈ ప్రశ్న తలకెక్కిన పిలగాడు పెరల్మన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకం తనే అడిగి తీసుకుంటడు.

పాత చందమామలు ఎక్కడ దొరికినా వదలకు, 1947 నుంచి వచ్చినయి. తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడి ఎం. హరికిషన్ సారు రాసిన పిల్లల కథల మాటతీరు మీ అలంపురం పిల్లలకు మస్తు దగ్గర. ‘మంచి పుస్తకం’ ప్రచురణల వాళ్లవి పలుచని పుస్తకాలు, తక్కువ ధరకే వస్తయి. స్టోరీవీవర్ వెబ్‌సైటుల తెలుగు కథలు ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. కన్నడ కథలు గూడ అండ్ల ఉన్నయి. రాయచూరు సరిహద్దు ఊర్ల పిల్లలు కొందరు ఇంట్ల కన్నడం మాట్లాడుతరు గదా, వాళ్లను మరువకు. జిల్లా గ్రంథాలయానికి పిల్లలను సెలవులకు ముందే తోలుకపోయి చూపియ్యి. ఒంటరిగ మొదటిసారి లోపలికి పోనీకె వాళ్లకు భయమైతది.

చదివినంక సారాంశం రాసుకరమ్మని చెప్పకు. చెప్పినవంటే సారాంశం కోసమే పేజీలు తిప్పుతరు. బీరువా తాళం నీ దగ్గర పెట్టుకోకు, ఎనిమిదో తరగతి ఆడపిల్లలిద్దరికి ఇయ్యి, రిజిస్టరు వాళ్లే రాస్తరు. పుస్తకాలన్నీ బెంచీల మీద పరిచి, పిల్లలను తిరగనియ్యి, ముట్టుకోనియ్యి. నువ్వు ఎంచాల్సింది బెంచీ మీదికి ఏవి రావాలెననే. అండ్ల నుంచి వాళ్లే ఏరుకుంటరు.

ఇంకొకటి, ఇది మనసుకు కష్టమైన మాట. తల్లిదండ్రులతోని బొంబాయి, పుణె పనులకు పోయే పిల్లలుంటరు. వాళ్లు జూన్‌ల బడికి వస్తరో రారో తెలియదు. పుస్తకం పోతదని వాళ్లకు ఇయ్యకుండ ఉండకు చిట్టీ. ముందుగాల వాళ్లకే ఇయ్యి, ఒకటి కాదు రెండియ్యి. లెక్కల తక్కువైతే పైసలు నేను కడత. ఆ సంగతి హెడ్మాస్టరుతోని నువ్వు గొడవ పెట్టుకోకు, నెమ్మదిగ చెప్పు.

వచ్చే ఆదివారం నేను గద్వాలకు వస్తున్న. నా దగ్గరున్న చందమామలు, రైలుబడి రెండు కాపీలు తెస్త. నువ్వు ఆ లిస్టు పక్కన పెట్టి, మూడు తరగతుల పిల్లల పేర్లు రాసి పెట్టుకో. పేరు ఎదురుంగ ఇంట్ల ఏ భాష, సెలవులల్ల ఎక్కడుంటరు, ఏ పాటంటే ఇష్టం అని రాయి. తెలియకుంటే రేపే అడుగు. ఇద్దరం కూసొని ఒక్కొక్క పేరుకు పుస్తకం వెతుకుదం.

మామిడికాయ పచ్చడి గూడ తెస్త, అన్నం వండి పెట్టు.

నీ
పెద్దమ్మ