కోప్పడేదాన్నే తెచ్చుకో

వద్దమ్మా బంగారూ, దాన్ని తేవొద్దు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు ఊసరవెల్లుల్లో మూడు నిన్ను చూడగానే ఒళ్ళు వెడల్పు చేసుకుని, నోరు తెరిచి బుసకొట్టాయనీ, నాలుగోది మాత్రం బుద్ధిగా నీ అరచేతిలోకి నడిచొచ్చి కళ్ళు మూసుకుని పడుకుందనీ రాశావు. "దానికి నేనంటే ఇష్టం కలిగింది కదూ మావయ్యా" అని అడిగావు. నీ మనసు నొచ్చుకుంటుందని తెలిసే చెబుతున్నాను. అది ఇష్టం కాదు తల్లీ, ఓపిక అయిపోవడం. ఊసరవెల్లి పగటిపూట నిద్రపోదు. లైటు వెలుగుతుండగా, అందులోనూ తనకంటే వందరెట్లు పెద్దదైన మనిషి చేతిలో కళ్ళు మూసుకుందంటే పోరాడే శక్తి దానికిక లేదన్నమాట. పక్షీ, పామూ, ప్రతిదీ తనను తినడానికే వస్తుందనుకునే ప్రాణి అది. జబ్బు చేసినా పైకి తెలియనివ్వదు, తెలిస్తే ముందు దాన్నే పట్టుకుపోతాయి కాబట్టి. మన కంటికి కనిపించేసరికి ఆ జబ్బు చాలా ముదిరి ఉంటుంది.

మిగతా మూడూ నీమీద కోప్పడ్డాయని బాధపడ్డావు చూడు, అసలు సంతోషించాల్సింది వాటిని చూసే. ఒంట్లో సత్తువ ఉన్న పిల్లే అలా కోప్పడుతుంది.

నువ్వు చేయబోయిన పని నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2004లో, మేం ఫ్లోరిడా వచ్చిన కొత్తలో, ఇంటి దగ్గర ఒక పెట్ షాపులో ఇలాగే మూలన నక్కి ఉన్న పిల్ల ఊసరవెల్లిని చూశాను. నువ్వు పంపిన ఫోటోల్లో ఉన్న జాతే, వెయిల్డ్ కెమీలియన్. ఒళ్ళు మట్టిరంగులోకి తిరిగి, కళ్ళు లోపలికి పీక్కుపోయి ఉంది. "ఇక్కడుంటే చచ్చిపోతుంది, ఇంటికి తీసుకెళ్ళి బతికిద్దాం" అని మీ అత్తయ్యతో అన్నాను. ఆవిడ వద్దనలేదు. రెండు గంటలకోసారి డ్రాపరుతో నీళ్ళచుక్కలు పట్టాను. రాత్రి అలారం పెట్టుకుని లేచి దాని ఊపిరి చూసేవాణ్ణి. నాలుగో రోజున డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఆయన చిటికెనవేలి కొసతో దాని కింది దవడను తడిమి, నన్నూ తడమమన్నారు. ఎముక ఉండాల్సిన చోట రబ్బరు ముక్కలా వంగింది. ఆ మెత్తదనం ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. కాల్షియం చాలక, అతినీలలోహిత కాంతి అందక, ఎముకలు గట్టిపడక ముందే కరిగిపోవడం మొదలైందని చెప్పారు. పంతొమ్మిదో రోజు పొద్దున లైటు వేసేసరికి కొమ్మ కింద పడి ఉంది.

దానికంటే ఎక్కువ బాధపెట్టింది తర్వాతి వారం జరిగింది. అదే షాపుకి వెళితే, అదే గాజుపెట్టెలో, అదే మూలన, ఇంకో పిల్ల కూర్చుని ఉంది. కింద నీళ్ళగిన్నె కూడా అలాగే ఉంది. ఊసరవెల్లికి గిన్నెలో నీళ్ళు నీళ్ళని తెలియదమ్మా. ఆకు మీద కదిలే చుక్కను, జారే చుక్కను మాత్రమే నీళ్ళని గుర్తుపట్టి నాలుకతో అందుకుంటుంది. నిండు గిన్నె ముందు కూర్చుని దాహంతో ఎండిపోతుంది. నేను జాలిపడి ఇచ్చిన డబ్బుతో ఆ షాపువాళ్ళు దానికి బదులు ఇంకోదాన్ని తెప్పించారు, అంతే. ఒకదాన్ని బతికించబోయి ఇంకోదాన్ని ఆ మూలలోకి నేనే రప్పించాను. ఆ రోజు నుంచి జాలితో ఒక్క ప్రాణిని కూడా కొనలేదు.

నువ్వు ఆ నాలుగోదానికి చేయగలిగింది ఒకటుంది. షాపు మేనేజరుతో మర్యాదగా, అమ్మను పక్కన పెట్టుకుని చెప్పు: ఇది పగలు కళ్ళు మూసుకుంటోంది, డాక్టరుకి చూపించాలి, ఆకుల మీద నీళ్ళు చల్లాలి అని. కొన్ని షాపులు వింటాయి. వినకపోయినా నువ్వు చెప్పాల్సింది చెప్పినట్టే.

ఇంకో మాట. ఆ నాలుగూ ఒకే పెట్టెలో ఉన్నాయని రాశావు. అలాంటప్పుడు ఒకదానికి అందని నీరూ వెలుగూ మిగతా మూడింటికీ అందనట్టే. అవి ఇంకా నిలదొక్కుకుని ఉన్నాయంతే. అందుకని ఎన్నాళ్ళ నుంచి ఆ పెట్టెలో ఉన్నాయో అడుగు. పెట్టె మీద ఉన్నది ఉత్త వేడి బల్బేనా, అతినీలలోహిత కాంతినిచ్చే యూవీబీ ట్యూబు కూడా ఉందా చూడు. ట్యూబు లేకుండా రెండు నెలలు గడిచి ఉంటే, ఎంత కోప్పడినా సరే, ఆ షాపునే వదిలేయ్. పైగా ఇవి ఒంటరి ప్రాణులు. కలిపి ఉంచితే పెద్దది చిన్నదాన్ని బెదిరించి తిండి దగ్గరికి రానివ్వదు, ఒకదాని తోకా వేళ్ళూ ఇంకోటి కొరుకుతుంది. తోక కొస నల్లబడి ఎండిపోయిందేమో గమనించు. బల్లి తోకలా తెగితే మళ్ళీ వస్తుందనుకోకు, ఊసరవెల్లి తోక ఒకసారి పోతే పోయినట్టే.

ఈసారి వెళ్ళేటప్పుడు షాపు తెరవగానే వెళ్ళకు, పదకొండు దాటాక వెళ్ళు. పొద్దున్నే అవి చలికి ఒళ్ళు నల్లగా చేసుకుని లైటు కింద కాచుకుంటూ ఉంటాయి, ముదురు రంగుకి వేడి త్వరగా పడుతుంది. దాన్ని చూసి జబ్బనుకుంటావు. ఒళ్ళు కాగిన తర్వాత కూడా నల్లగా, మడ్డిగా ఉంటే అప్పుడు అనుమానించాలి. ఈ జాతి పిల్ల తీరిగ్గా ఉన్నప్పుడు లేతాకు రంగులో ఉంటుంది. ఏ రంగు గుడ్డ మీద పెడితే ఆ రంగుకి మారుతుందని మీ క్లాసులో పిల్లలన్నారట, అది నిజం కాదు. చర్మంలోని కణాల్లో ఉండే అతిసన్నని స్ఫటికాల ఎడం మారడం వల్ల రంగు మారుతుందని జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో చూపించారు. చలి, వేడి, భయం, పోటీ వల్ల మారుతుంది. రంగు దాని ఒంట్లోని సంగతి నీకు చెబుతుంది, గుడ్డ సంగతి కాదు.

వెళ్ళగానే చెయ్యి పెట్టకు. మూడడుగుల దూరంలో నిలబడి పావుగంట ఊరికే చూడు. నువ్వు ఓపిక లేని పిల్లవి, నాకు తెలుసు. అయినా నిలబడు. కళ్ళు గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉండి, ఒకటి నీవైపు చూస్తుంటే ఇంకోటి పైకప్పు వైపు తిరుగుతూ ఉండాలి. నడిచేటప్పుడు పొట్ట కొమ్మకు రాసుకోకుండా కాళ్ళమీద లేచి నడవాలి. గాలికి ఊగే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగుతూ నడవడం దాని తీరు, అది జబ్బు కాదు. మోచేతులు విల్లులా వంగి బయటికి తిరిగితే మాత్రం నేను చెప్పిన ఎముకల జబ్బే. నోటి అంచున వాపు, పెరుగులాంటి చీము, ముక్కు దగ్గర బుడగలు, ఎవరూ బెదిరించకుండానే నోరు తెరిచి తల పైకెత్తి ఊపిరి తీయడం, వీటిలో ఏది కనిపించినా వచ్చేయ్. వేడి బల్బు కిందే కూర్చుని నోరు తెరిస్తే వేడెక్కువై కావచ్చు, అది పక్కకు జరిగాక మళ్ళీ చూడు.

ఆ తర్వాత ఒక్క కీచురాయిని వేయమని షాపులో పనిచేసేవాళ్ళను అడుగు. తిండి తినేది నువ్వు చూడకుండా కొనకు. ఇది నా ఇంట్లో శాసనం. ఆ దృశ్యం దగ్గర్నుంచి చూస్తే నీకు మిగతావన్నీ అర్థమవుతాయి. అప్పటిదాకా చెరోవైపు తిరుగుతున్న కళ్ళు రెండూ ఒక్కసారి ముందుకొచ్చి పురుగు మీద నిలుస్తాయి. మెడ నెమ్మదిగా ముందుకు సాగుతుంది. నోరు సన్నగా తెరుచుకుని నాలుక కొస గులాబీ మొగ్గలా బయటికి కనిపిస్తుంది. ఒక క్షణం ఆగుతుంది. అంతే, ఒంటి పొడుగును మించిన నాలుక వెళ్ళి రావడం నీ కన్ను పట్టుకోలేదు, దవడలు నమలడమే చూస్తావు. కళ్ళు రెండూ కలవకపోయినా, నాలుక సగం దూరంలో ఆగినా, గురి వరసగా రెండు మూడుసార్లు తప్పినా ఆ పిల్లను వదిలేయ్. కాల్షియం తగ్గితే నాలుక కండరాలు కూడా దెబ్బతింటాయి.

పెట్టె అడుగున రెట్ట కూడా చూడు. ముక్కు మూసుకోకు, డాక్టర్లు చూసేదీ అదే. ఒంగోల్లో అమ్మమ్మ గోడ మీద బల్లి రెట్ట చూశావుగా, నల్లటిదానికి కొసన తెల్లముక్క. ఇక్కడా అలాగే ఉండాలి. ఆ తెల్లముక్క నారింజ రంగులోకి తిరిగితే దాహంతో ఉందన్నమాట.

చివరికి, వాళ్ళు ఒప్పుకుంటే, పైనుంచి పట్టుకోకుండా ముందుకాళ్ళ ఎదురుగా వేలు కొమ్మలా పెట్టు. ఎక్కితే ఆ పట్టు చూడు. ముందు పాదంలో లోపలికి మూడు వేళ్ళు, బయటికి రెండు, వెనక పాదంలో దానికి తిరగేసి. పటకారులా బిగించి గోళ్ళు చర్మంలో గుచ్చుకోవాలి. నొప్పెట్టిందా, మంచిది. అప్పుడే వెనక మడమ చూడు. కోడిపుంజు కాలి వెనక ముల్లు ఉంటుందే, అలాంటి చిన్న గింజ కనిపిస్తే మగది. ఈ జాతి మగపిల్లలకు అది పుట్టుకతోనే ఉంటుంది. నువ్వు మొదటిసారి పెంచుతున్నావు కాబట్టి మగదాన్నే తెచ్చుకో. ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, ఒక్కో విడతకు పదుల కొద్దీ. తవ్వుకోవడానికి మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ బాధ్యత నీకు ఇప్పుడే వద్దు.

వయసు మూడు నెలలు దాటి ఉండాలి. ఇంకా పసిగుడ్డులా ఉన్నవాటిని ముద్దుగా ఉన్నాయని తేకు. ఎక్కడ పుట్టిందో కూడా అడుగు. పెంపకంలో పుట్టిందైతే సరే, అడవిలో పట్టి తెచ్చిందైతే కడుపునిండా పురుగులతో, బెదురుతో వస్తుంది. ఎక్కడ పుట్టినా మొదటి వారంలోనే రెట్ట పరీక్ష చేయించు. కుక్కలనీ పిల్లులనీ చూసే డాక్టరు కాదు, సరీసృపాలను చూసేవారు కావాలి. ఆ డాక్టరెవరో ఇంటికి తెచ్చే ముందే కనుక్కుని పెట్టుకోవాలి. ఇది అమ్మకు కూడా చదివి వినిపించు.

ఇదంతా ఇంత ప్రాణం పెట్టి ఎందుకు రాస్తున్నానో మీ అమ్మకు తెలుసు. మా చిన్నప్పుడు ఊరి బయట తుమ్మచెట్ల మీద మన దేశపు ఊసరవెల్లి అప్పుడప్పుడు కనిపించేది. అది కనిపిస్తే చాలు, పిల్లలం రాళ్ళు పట్టుకునేవాళ్ళం. పెద్దపిల్లలు దాని నోట్లో పొగాకు పెట్టేవాళ్ళు, అది రంగులు మారుతూ గిలగిల్లాడుతుంటే చుట్టూ నిలబడి చూసేవాళ్ళం. నేనూ నిలబడ్డాను. మాట మార్చే మనిషిని ఊసరవెల్లి అని తిట్టే ఊళ్ళో పెరిగినవాళ్ళం కదా, దానికి నొప్పుంటుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దానికి రక్షణ ఉంది, పట్టుకోవడమూ పెంచుకోవడమూ నేరం. వేసవికి ఒంగోలు వెళ్ళినప్పుడు కనిపిస్తే దూరం నుంచి చూడు, మీ బావలు రాయి తీస్తే ఆపు.

ఇక చివాట్లు. పుట్టినరోజు వచ్చే శనివారం కాబట్టి ఆ రోజే తెచ్చుకుంటాను, కేజ్ తర్వాత ఆర్డరిస్తానని రాశావే, అది నాకేమీ నచ్చలేదు. ముందు కేజ్ రావాలి, మొక్కలు పెట్టాలి, నీటిచుక్కలు పడే ఏర్పాటు జరగాలి, లైట్లు వారం రోజులు వెలిగి వేడి ఎంతొస్తుందో నువ్వు రాసి పెట్టుకోవాలి. పుట్టినరోజుకి కేజ్ నేను పంపిస్తాను, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, నాలుగువైపులా జాలీ. ప్రాణి ఆ తర్వాత.

షాపుకి వెళ్ళినప్పుడు ఫోటోలు కాదు, వీడియో తీసి పంపు. అది నడుస్తున్నప్పుడు పక్కనుంచి ఒకటి, కీచురాయిని తింటున్నప్పుడు ఒకటి. వెనక మడమలు కనిపించేలా తియ్యి. ఇక్కడ నీకంటే గంట ముందుంటాం కాబట్టి రాత్రి తొమ్మిది లోపు పంపితే ఆ రోజే చూసి చెబుతాను.

మీ మావయ్య