చెవిని చేరకముందే వడపోత

దసరా సెలవుల్లో పేరుకున్న మెయిళ్లు 400. యూనివర్సిటీ సర్క్యులర్లు, విద్యార్థుల అసైన్‌మెంట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బట్టల దుకాణాల ఆఫర్లు, ఎప్పుడో ఒక టిక్కు పెట్టినందుకు వస్తూనే ఉన్న న్యూస్‌లెటర్లు, వాటి మధ్యలో నక్కిన మోసపు మెయిళ్లు. ఇదీ ముడిసరుకు. దీన్ని చక్కబెట్టడానికి కూర్చున్నది ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే మాష్టారు. ఆయనకు చూపు లేదు. బల్ల మీద మౌస్ కూడా లేదు. వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి, ఒక చెవిలో ఇయర్‌ఫోను ఉంది. రెండో చెవి ఇంటి అలికిడికి వదిలేశారు.

చూపున్నవాళ్లు తెర మీది 20 వరుసలను ఒక్కసారిగా చూసి పనికిరానివాటిని దాటేస్తారు. చెవికి ఆ వీలు లేదు, ఒకటి విన్నాకే రెండోది. ఎవరు పంపారో, దేని గురించో వినడానికి ఒక్కో మెయిలుకు 4 సెకన్లు వేసుకున్నా, 400కు 27 నిమిషాలు. అప్పటికి ఒక్క ఉత్తరం కూడా తెరిచినట్టు కాదు. అందుకే మాష్టారి శ్రమలో ఎక్కువ భాగం చదవడానికి ముందే జరుగుతుంది.

పనిముట్లు రెండు. మొదటిది ఎన్‌వీడీఏ. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ఇలాంటి ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు. ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివారే. రెండోది థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం. రెండూ ఉచితం. ఖర్చల్లా ఇయర్‌ఫోనుకే.

మొదట గొంతు సరిచేసుకోవాలి. ఇన్సర్ట్, కంట్రోల్ కలిపి పట్టుకుని కుడి బాణం నొక్కుతూ పోతే గొంతు, వేగం, స్థాయి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పై బాణంతో పెంచుతారు, కింది బాణంతో తగ్గిస్తారు. మామూలు మాట నిమిషానికి సుమారు 150 పదాల వేగంతో నడిస్తే, అలవాటుపడ్డ చెవి అందుకు రెట్టింపు వేగాన్ని తేలిగ్గా అందుకుంటుంది. పక్కన కూర్చున్న నాకు అది గలగలమనే చప్పుడే, మాష్టారికి స్పష్టమైన వాక్యం. ప్రోగ్రాంతో పాటే వచ్చే ఈస్పీక్ గొంతును తెలుగుకు పెట్టుకున్నారు. మధ్యలో వచ్చే ఇంగ్లిష్ అక్షరాల మాటలను అది ఇంగ్లిష్‌గానే పలుకుతుంది. మన సర్క్యులర్లలో రెండు భాషలూ కలిసే ఉంటాయి కాబట్టి ఈ అమరిక కావాలి.

తర్వాత జాబితాను చెవికి అనువుగా మలచాలి. థండర్‌బర్డ్‌లో మెయిళ్ల జాబితాను కార్డులుగానూ పెట్టుకోవచ్చు, పట్టికగానూ పెట్టుకోవచ్చు. మాష్టారు పట్టికే ఎంచుకుంటారు. అందులో పంపినవారు, విషయం, చదివిందీ లేనిదీ, ట్యాగు, తేదీ మాత్రం ఉంచి సైజు లాంటి గడులన్నీ తీసేస్తారు. స్క్రీన్ రీడర్ గడులను వరుసగా చదువుతుంది కనుక పంపినవారి పేరు ముందు రావాలి. పేరు వినగానే అక్కర్లేదని తేలితే కింది బాణం నొక్కేస్తారు, మిగతా వరుస నోట్లోనే ఆగిపోతుంది. ఒకే విషయం మీద నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఒక కట్టగా, అంటే థ్రెడ్‌గా పెడతారు. కుడి బాణం కట్ట విప్పుతుంది, ఎడమ బాణం ముడుస్తుంది. ఇదంతా పది నిమిషాల పని, ఒక్కసారి చేస్తే చాలు.

ఇప్పుడు సరుకును తడిమి చూడటం. జాబితాను పంపినవారి పేర్ల వరుసలో పెట్టమంటారు. ఒకే దుకాణం నుంచి వచ్చినవన్నీ ఒకచోట చేరతాయి. షిఫ్ట్ పట్టుకుని కింది బాణంతో గుంపుగా ఎంచి డిలీట్ నొక్కుతారు. ఈ ఒక్క విడతలోనే సరుకు బాగా పలచబడుతుంది. కానీ ఇది ఈ వారానికి మాత్రమే. వచ్చే వారం అవే దుకాణాలు మళ్లీ తలుపు తడతాయి. శాశ్వతమైన పని ఫిల్టర్లది.

దానికి ముందు ఫోల్డర్లు కావాలి. మాష్టారు నాలుగే పెడతారు: 1 యూనివర్సిటీ, 2 విద్యార్థులు, 3 బ్యాంకు, 4 తర్వాత. ఫోల్డర్లు అక్షరక్రమంలో నిలబడతాయి కనుక అంకె ముందుంటే వాటి స్థానం మారదు. ఎఫ్6 నొక్కితే ఫోల్డర్ల నుంచి జాబితాకు, జాబితా నుంచి ఉత్తరానికి వెళ్లవచ్చు. ఇరవై ఫోల్డర్లు పెట్టుకున్నవాళ్లు వాటిని వెతకడానికే పొద్దుపుచ్చుతారని ఆయన అభిప్రాయం, నాదీ అదే.

ఇక అసలు కౌశలం. యూనివర్సిటీ సర్క్యులర్ ఒకదాని మీద నిలిచి, ఆల్ట్‌తో మెనూలోకి వెళ్లి, మెసేజ్ మెనూలో ‘క్రియేట్ ఫిల్టర్ ఫ్రమ్ మెసేజ్’ ఎంచుతారు. తెరుచుకున్న కిటికీలో పంపినవారి చిరునామా అప్పటికే నింపి ఉంటుంది. ట్యాబ్ నొక్కుతూ ఒక్కో గడిని వింటూ దిగుతారు. ముందు ఫిల్టరు పేరు, తర్వాత అది ఎప్పుడు నడవాలి, ఆ తర్వాత షరతులన్నీ కుదరాలా ఏ ఒక్కటి కుదిరినా చాలా అన్న ప్రశ్న, చివరికి షరతుల వరుస. వరుసలో మూడు గడులు: ఎక్కడ చూడాలి, ఎలా పోల్చాలి, దేనితో పోల్చాలి. మాష్టారి చేయి రెండో గడి దగ్గర ఆగుతుంది. అందులో ఉన్న ‘ఈజ్’ను ‘కంటెయిన్స్’గా మారుస్తారు. మూడో గడిలో చిరునామా ముందు భాగం చెరిపి, ఆట్ గుర్తు నుంచి చివరిదాకా ఉంచుతారు. ఇప్పుడు పరీక్షల విభాగం పంపినా, రిజిస్ట్రార్ ఆఫీసు పంపినా ఈ ఒక్క ఫిల్టరే పట్టుకుంటుంది. కింద చేయవలసిన పని ‘మూవ్ మెసేజ్ టు’, ఫోల్డరు 1. ఓకే. రెండు నిమిషాలు పట్టింది.

విద్యార్థుల మెయిళ్లకు చిరునామాతో పని జరగదు, ఎవరి చిరునామా వారిది. అందుకే విషయం గడిలో పేపరు కోడు రాయాలని తరగతిలోనే చెప్పి ఉంచారు. ఆ కోడు ఉన్నదల్లా ఫోల్డరు 2కు పోతుంది. బ్యాంకుతో మరింత జాగ్రత్త. స్టేట్‌మెంటు పంపే బ్యాంకే అప్పు ఇస్తామని కూడా రాస్తుంది. కనుక రెండు షరతులు పెడతారు: పంపినది ఆ బ్యాంకు కావాలి, విషయంలో ‘స్టేట్‌మెంట్’ అన్న మాట ఉండాలి. ఇక్కడ ‘ఆల్’ బదులు ‘ఎనీ’ ఎంచితే అప్పుల ప్రకటనలన్నీ ఆ ఫోల్డర్లోనే దిగుతాయి. ఓటీపీలకు మాత్రం ఏ ఫిల్టరూ పెట్టరు, అవి కళ్ల ముందే, అంటే ఇన్‌బాక్స్‌లోనే పడాలి. ఇక ఏ ఫిల్టరుకూ డిలీట్ చేసే అధికారం ఇవ్వరు. ఆఫర్లు, న్యూస్‌లెటర్లు ఫోల్డరు 4కు వెళ్తాయి. నెలాఖరున ఒకసారి విని తీసేస్తారు. యంత్రానికి చెరిపే పని అప్పగించకపోవడమే మంచిదని నాకూ అనిపిస్తుంది.

ఫిల్టర్లు జాబితాలో పై నుంచి కిందికి వరుసగా నడుస్తాయి. టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, యూనివర్సిటీని పైకి, ఆఫర్లను అడుక్కి జరుపుతారు. తర్వాత ఒక్కో ఫిల్టరును ఎంచి ‘రన్ నౌ’ నొక్కితే పాత సరుకు కూడా జల్లెడ పడుతుంది.

మిగిలినవాటిలో మోసపు మెయిళ్లను ఏరాలి. ఇక్కడ చెవికి కంటికి లేని బలం ఒకటి ఉంది. ఇంగ్లిష్ ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టి కంటిని ఏమార్చడం మోసగాళ్ల పాత విద్య. అక్షరం అక్షరం వినేవారి దగ్గర అది సాగదు. చెవికి బలహీనత కూడా ఉంది. ‘కె’ బదులు ‘సి’ వేసిన పేరు పలికితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకని మాష్టారు డబ్బుకు సంబంధించిన ఏ మెయిల్లోనైనా పంపినవారి చిరునామాను పేరుగా విని నమ్మరు. నంబర్ ప్యాడ్ మీద 5ను రెండుసార్లు నొక్కి మాటను అక్షరాలుగా విప్పించుకుంటారు. తేడా దొరికితే ‘జె’ నొక్కి జంక్ ముద్ర వేస్తారు. థండర్‌బర్డ్ ఆ ముద్రల నుంచే నేర్చుకుంటుంది. మంచి మెయిల్ పొరపాటున జంక్‌లో పడితే షిఫ్ట్ జె నొక్కి చెప్పాలి, లేకపోతే దాని చదువు ఒకవైపే సాగుతుంది.

ఇప్పుడు చదవడం. ‘ఎన్’ నొక్కితే చదవని తర్వాతి మెయిల్. పొడుగాటి ఉత్తరంలో ‘హెచ్’ ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు తీసుకెళ్తుంది. లింకుల గుట్ట అడ్డొస్తే అక్కడ అదే ‘ఎన్’ దాన్ని దాటిస్తుంది. జాబితాలో ‘4’ నొక్కితే చేయవలసిన పని అని ట్యాగు పడుతుంది, ‘5’ తర్వాత చూద్దామని. ఏదైనా వెంటనే కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ కె నొక్కి ఒక మాట టైపు చేస్తారు. ఆ మాట ఉన్నవే జాబితాలో మిగులుతాయి.

ఒక రకం సరుకు మాత్రం ఏ ఫిల్టరుకూ లొంగదు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు సర్క్యులరును తెరిస్తే, కంటికి చక్కని తెలుగు, చెవికి అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల రొద. ఫోటో తీసి పంపిన పేజీ అయితే ఖాళీ కాగితంతో సమానం. అలాంటివాటికి మాష్టారు కంట్రోల్ ఆర్ నొక్కి, యూనికోడ్‌లో పంపమని మర్యాదగా రెండు వాక్యాలు రాసి, కంట్రోల్ ఎంటర్‌తో పంపుతారు. పంపేవాళ్లు ఒక్క నిమిషం శ్రద్ధ పెడితే తీరే ఇబ్బంది ఇది.

చివరి దశ సర్వర్ మీద. థండర్‌బర్డ్ ఫిల్టర్లు ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తాయి, అది మూసి ఉన్నంతసేపూ ఫోనులో ఇన్‌బాక్స్ ఎప్పటిలాగే నిండుతుంది. ఆయన ఖాతా జీమెయిల్‌ది కనుక ఆఫర్ల ఫిల్టరును అక్కడికి మారుస్తారు. బ్రౌజరులో సెర్చ్ ఆప్షన్స్ తెరిచి, పంపినవారి గడిలో దుకాణాల చిరునామాలు నింపి, ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’ దగ్గర స్పేస్‌బారుతో టిక్కు పెట్టి, ‘4 తర్వాత’ అన్న లేబుల్ ఎంచుతారు. జీమెయిల్ లేబుల్ థండర్‌బర్డ్‌కు ఫోల్డరుగానే కనబడుతుంది కనుక కొత్తగా కలపాల్సింది ఏమీ లేదు. పరీక్షల నోటిఫికేషన్ వచ్చే ముందు హాల్‌టికెట్ల కోసం థండర్‌బర్డ్‌లో మరో ఫిల్టరు చేరుతుంది, పరీక్షలయ్యాక దాని టిక్కు తీసేస్తారు.