హైపర్‌కారు: పట్టు, బరువు, గాలి

ఏటేట లక్షల సంఖ్యలో తయారగు కార్లు వేరు. నూరో నూటయేబదియో మాత్రము చేసి, పిమ్మట అచ్చులను ప్రక్కన బెట్టు కార్లు వేరు. ఈ రెండవ తెగలో మిక్కిలి శక్తియు వేగమును గలవానిని నేడు లోకము హైపర్‌కార్లని పిలుచుచున్నది. మార్కండి ఒడ్డున నిలిచి చూచువారికి ఇవి ధనవంతుల వినోదములనియు, మనకు వానితో పనిలేదనియు తోచవచ్చును. కొనుట మాట నిజమే. కాని వానిని కట్టు విద్యలో రెండు ముఖ్యభాగములు మన ఫైబరు బోటులోనే యున్నవి. అందుచేత ఈ పాఠమును మేము బోటు ప్రక్కన నిలిచియే చెప్పదలచితిమి. విద్యార్థులతోపాటు వారి తండ్రులును దీనిని చదివినచో, లేక చదివించుకొని విన్నచో, చివరనున్న లెక్క వారికే యెక్కువగా పనికివచ్చును.

మొదట ఒక కారును ఎరుగుదము. మన దేశపు మహీంద్రా సంస్థ 2015లో ఇటలీలోని పినిన్‌ఫరీనా అను ప్రసిద్ధ రూపకల్పన సంస్థను కొనుటకు ఒప్పందము కుదుర్చుకొనెను. 2018లో కార్లు కట్టుటకై ఆటోమొబిలి పినిన్‌ఫరీనా అను వేరొక సంస్థ ఏర్పడెను. అది 2019లో జెనీవా ప్రదర్శనమున బాటిస్టా అను హైపర్‌కారును లోకమునకు చూపెను. 1930లో మూలసంస్థను స్థాపించిన బాటిస్టా ఫరీనా పేరే దానికి పెట్టిరి. 150 కార్లకు మించి చేయరాదని ఆనాడే నిర్ణయించుకొనిరి. ఇది పెట్రోలు కారు కాదు. ఒక్కొక్క చక్రమునకు ఒక విద్యుత్ మోటారు చొప్పున నాలుగు మోటార్లు. అన్నియు కలిసి 1,900 అశ్వశక్తి. వానికి శక్తినిచ్చుటకు 120 కిలోవాట్-గంటల బ్యాటరీ. బ్యాటరీని, మోటార్లను క్రొయేషియా దేశపు రిమాక్ సంస్థ సమకూర్చెను. 2022లో మధ్యప్రదేశమునందలి పీతంపూరు పరీక్షాపథముపై ఈ కారు పావు మైలు దూరమును 8.55 సెకండ్లలో దాటెను.

నిలిచియున్న బాటిస్టా గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు 1.86 సెకండ్లు చాలునని తయారీదారులు ప్రకటించిరి. దీనిని మన తరగతి లెక్కలోనికి మార్చి చూడుడు. గంటకు 100 కిలోమీటర్లనగా సెకండుకు 27.8 మీటర్లు. దానిని 1.86తో భాగించినచో త్వరణము సెకండు సెకండునకు సుమారు 14.9 మీటర్లు. పైనుండి జారవిడిచిన రాయి త్వరణము 9.8 మాత్రమే! అనగా ఈ కారు రాయి క్రిందికి పడుదానికంటె వడిగా ముందునకు దూకుచున్నది. (త్వరణము, ఘర్షణము అను మాటలు ఒడియా పుస్తకములోను ఇవియే. ఇంటిభాషలో బోధపడిన విషయమును పరీక్షలో ఏ భాషలో అడిగినను పిల్లవాడు తడబడనక్కరలేదు.)

ఇంత త్వరణమునకు 1,900 అశ్వములు కారణమని తలచుట సగము నిజమే. పదిమంది కలిసి బోటును ఇసుకపై నెట్టునప్పుడు కాళ్లు జారినచో పదిమంది బలమును వ్యర్థమే గదా. కారుకు కాళ్లు టైర్లు. రోడ్డుకు టైరుకు నడుమ ఘర్షణ గుణకము ఒకటికి లోబడియే యుండునని కొందరు విద్యార్థులు నమ్ముచుందురు. అట్టి నియమమేదియు లేదు. పైలెక్క ప్రకారము 14.9ని 9.8తో భాగించినచో 1.5 వచ్చును, గాలి నొక్కుడును కొంత తోడ్పడినను, ఆ టైర్లకు రోడ్డుతో గల పట్టు ఒకటిని మించి తీరవలెను. అందులకే మెత్తని, జిగటగల ప్రత్యేకపు టైర్లు వాడుదురు. బరువంతయు పనికివచ్చునట్లు నాలుగు చక్రములను త్రిప్పుదురు. ఏ చక్రము జారబోవుచున్నదో కంప్యూటరు కనిపెట్టి, కన్ను మూసి తెరచునంతలో దాని బలమును తగ్గించును.

పరుగు తీయించుటతో పని ముగియదు, ఆపవలెను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.835 కిలోమీటర్ల వీధిపథముపై ఫార్ములా-ఈ పందెము జరిగెను. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. అవి హైపర్‌కార్లు కావు, విద్యుత్ పందెపు కార్లు. కాని ఆపు విద్య రెంటికి నొకటే. సైకిలు డైనమోను చక్రమునకు తగిలించినప్పుడు త్రొక్కుట బరువగును, దీపము వెలుగును. అటులే మోటారును డైనమోగా మార్చినచో కారు నెమ్మదించును, విద్యుత్తు తిరిగి బ్యాటరీలో చేరును. ఆ పందెపు కార్ల రూపకల్పనలో వెనుక చక్రములకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులనే పెట్టలేదు. ఈ పద్ధతినే నమ్ముకొనిరి.

ఇక బరువు. ఇచటనే మన బోటు వచ్చుచున్నది. ఫైబరు బోటుకు మరమ్మతు చేయుట చూడని బాలురు మన తీరమున అరుదు. పగిలినచోటును గీకి ఆరబెట్టుదురు. గాజునూలు గుడ్డను పరచి, రెసినులో గట్టిపరచు మందు కలిపి కుంచెతో పట్టింతురు. రోలరుతో నొక్కి గాలిబుడగలను వెడలగొట్టుదురు. హైపర్‌కారు దేహమును చేయు పనియు ఇదియే, గాజునూలుకు మారుగా కర్బన నూలు. ఉక్కు నీటికి 7.8 రెట్లు బరువు. కర్బన నూలును రెసినును కలిసిన పదార్థము సుమారు 1.6 రెట్లే. మెక్లారెన్ సంస్థ 1981లో ఈ పదార్థముతో పందెపు కారు గూడును చేసెను. పిమ్మట 1992లో మెక్లారెన్ ఎఫ్1 అను రోడ్డు కారును చూపెను. అన్ని తెగలును కలిపి అవి 106 మాత్రమే తయారైనవి.

తేడా యెక్కడనగా శ్రద్ధలో. నూలుకు బలము నిడివివైపుననే యుండును, అడ్డముగా నుండదు. కావున ఒక పొరను నిలువుగా, వేరొక పొరను అడ్డముగా, మరియొకదానిని ఏటవాలుగా, ఏ చోట ఏ బలము పడునో లెక్కించి పరతురు. రెసినును ముందే కొలతగా పట్టించిన గుడ్డను చలిగదిలో దాచి వాడుదురు. పిమ్మట అచ్చుతో సహా పెద్ద ప్రెషర్ కుక్కరు వంటి ఆటోక్లేవులో పెట్టి, వేడిమితోను వాతావరణ పీడనమునకు అనేక రెట్ల ఒత్తిడితోను ఉడికింతురు, బుడగ మిగులదు. పొరలు పరచుట చాలవరకు చేతిపని. ఒక్క అచ్చు రోజునకు కొన్ని భాగములనే ఈయగలదు. ఈ కార్లు కొలదిసంఖ్యలో పుట్టుటకు గొప్ప ఒకటే కారణము కాదు, ఈ చేతిపనియు కారణమే. బోటు బాగుచేయు పనివాడు ఆ కర్మాగారమున అడుగిడినచో పరికరములకు ఆశ్చర్యపడునేమో గాని పనికి ఆశ్చర్యపడడు. తల్లిదండ్రులకు ఒక్కమాట: రెసిను ఆవిరి ఊపిరితిత్తులకు హానికరము, గీకిన గాజుపొడి మరియు హానికరము. అట్టి పొడి లేచు పనిని ముసుగు లేక చేయరాదు. గాలియాడని పాకలో పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పని చేయరాదు.

పూర్వము మన తీరమున మేకులు లేక, కొబ్బరిపీచు త్రాటితో పలకలను కుట్టిన మసూలా పడవలుండెడివి. అల మోదినప్పుడు అవి వంగి, విరుగక నిలిచెడివి. హైపర్‌కారు గూడు దీనికి విరుద్ధము, అణుమాత్రమును వంగరాదు. వంగవలసిన పని స్ప్రింగులది. ఎచట వంగవలెనో ఎచట వంగరాదో తేల్చుటయే ఇంజనీరు పని. ఆ పనిని పడవ కుట్టిన మన పెద్దలును చేసిరి.

చివరిది గాలి. వేగము రెట్టింపైనచో గాలి అడ్డగింపు నాలుగు రెట్లగును; దానిని త్రోసుకొని పోవుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. ఒక కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున గాలితో పోరుటకు 12 అశ్వశక్తి చాలుననుకొందము. 350 కిలోమీటర్ల వేగమున? 3.5ను మూడుసార్లు హెచ్చించినచో దాదాపు 43. దానిని 12తో హెచ్చించినచో 500కు పైచిలుకు. 2005లో వెలువడిన బుగాటి వేరాన్ అను కారుకు 1,001 అశ్వశక్తి గల ఇంజనును, దానిని చల్లార్చుటకు పది రేడియేటర్లను పెట్టవలసి వచ్చెను. గంటకు 400 కిలోమీటర్లకు పైబడిన పూర్తివేగమున పోవునప్పుడు దాని నూరు లీటర్ల పెట్రోలు సుమారు 12 నిమిషములలో హరించిపోవును. ఎనుబది, ఎనుబదియైదు కిలోమీటర్ల దూరమునకు నూరు లీటర్లు! ఇంతటి వ్యయము మాకు సమంజసముగా తోచదు. అయినను లెక్క నేర్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

నీరు గాలికంటె దాదాపు ఎనిమిదివందల రెట్లు చిక్కన. కావున కారు 400 వద్ద చెల్లించు పన్నును బోటు 10 వద్దనే చెల్లించును. నీటిని చీల్చుకొని పోవు బోటు గంటకు 10 కిలోమీటర్ల వేగమున 20 కిలోమీటర్లు పోవుటకు 10 లీటర్ల నూనె కాల్చునని తీసికొనుడు. ప్రయాణము రెండు గంటలు. వేగమును 12కు పెంచినచో గంట నలుబది నిమిషములు పట్టును. ఇరువది నిమిషములు మిగిలెను. నూనె? దూరము అదియే గావున వ్యయము వేగపు వర్గమును బట్టి పెరుగును: 1.2ను 1.2తో హెచ్చించగా 1.44. అనగా 14.4 లీటర్లు. ఇంజను గుణమును బట్టి, వలల బరువును బట్టి, అలను బట్టి ఈ అంకె కొంత మారును. మరియు బోటు అణియము ముందు తాను లేపిన అలనే తాను ఎక్కజూచు వేగము వచ్చినచో నూనె ఇంకను హెచ్చుగా కాలును. తుపాను హెచ్చరిక వచ్చి ఒడ్డు చేరవలసిన నాడు ఈ లెక్క చూడరాదు. తక్కిన దినములలో, పోవునప్పుడు ఒకవిధముగా, వచ్చునప్పుడు వేరొకవిధముగా ఇంజను నడిపి, తొట్టిలో ఎంత తగ్గినదో కొలకర్రతో కొలిచి, ఇంటివద్ద బిడ్డచేత వ్రాయింపుడు. నెలరోజుల అంకెలు వచ్చిన పిమ్మట పైలెక్కకు అవి ఎంత దగ్గరగా నున్నవో తరగతిలో చూతము.