నిప్పు కాపలా

ఎండాకాలంలో కళ్ళంలో వడ్ల కుప్ప ఉంటుంది. పక్కనే గడ్డి వామి ఉంటుంది. రాత్రి ఇంట్లో ఒకరు అక్కడే మంచం వేసుకుని పడుకుంటారు. దొంగల భయం ఒకటి, నిప్పు భయం ఒకటి. ఎవరో బీడీ తాగి పారేస్తే చాలు, ఏడాది కష్టం బూడిద అవుతుంది.

పట్నంలో పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులకు కూడా ఒక్కోసారి ఇట్లాంటి కాపలా కావాల్సి వస్తుంది. మన ఊళ్ళ నుంచి వెళ్ళి అక్కడ వాచ్‌మెన్ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ళ కోసం.

పాలమూరు నుంచి వెళ్ళిన ఒక వాచ్‌మెన్ ఉన్నాడు. పేరు ఎల్లయ్య అనుకుందాం. హైదరాబాదులో 14 అంతస్తుల ఆఫీసు బిల్డింగులో పని. ఎల్లయ్య, భార్య లక్ష్మమ్మ కింద సెల్లారులో చిన్న గదిలో ఉంటారు.

ఆ బిల్డింగు కప్పులకు నీళ్ళ గొట్టాలు ఉన్నాయి. గొట్టాలకు అక్కడక్కడ చిన్న మూతులు ఉన్నాయి. ఒక్కో మూతికి చిన్న గాజు బుడ్డి అడ్డంగా ఉంటుంది. కింద నిప్పు పుడితే వేడి పైకి వెళ్తుంది. సుమారు 68 డిగ్రీల వేడి తగిలితే గాజు పగులుతుంది. నీళ్ళు చిమ్ముతాయి. వేడి తగిలిన చోటే చిమ్ముతాయి, బిల్డింగు అంతా తడవదు. వీటిని స్ప్రింక్లర్లు అంటారు. పొగ వస్తే మోగే గంటలు వేరే ఉన్నాయి. ఇవి పని చేసినన్నాళ్ళు మనిషి కాపలా అంతగా అక్కరలేదు.

ఒకరోజు నీళ్ళ మోటారు కాలిపోయింది. గొట్టాల్లో నీళ్ళు లేవు. బాగుచెయ్యడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. మేనేజరు వచ్చాడు.

"ఎల్లయ్యా, ఈ నాలుగు రోజులు గేటు చూసుకుంటూనే కొంచెం పైకి కిందికి తిరుగుతుండు. గంట మోగితే ముందు బంద్ చెయ్యి. జనం భయపడతారు. పైకి పోయి చూసి నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

"సరే సారూ" అన్నాడు ఎల్లయ్య.

మేనేజరు చెడ్డవాడు కాదు. చాలా చోట్ల ఇట్లాగే చెప్తారు. కాని ఇట్లా చేసినందుకే ఒక మనిషి ప్రాణం పోయింది. అది మన దేశంలో కాదు, అమెరికాలో.

లాస్ ఏంజిలస్ నగరంలో 62 అంతస్తుల బిల్డింగు ఉంది. అప్పట్లో అది బ్యాంకు బిల్డింగు. 1988లో దానికి స్ప్రింక్లర్లు పెడుతున్నారు. పని చాలావరకు అయింది. గంటల పని కొంత మిగిలి ఉందని నీళ్ళ వాల్వులు మూసి ఉంచారు. మే 4 రాత్రి 12వ అంతస్తులో నిప్పు పుట్టింది. 10 గంటల 30 నిమిషాలకు పొగ గంట మోగింది. కాపలావాళ్ళు ఆపేశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆపారు. పని జరుగుతున్న చోట గంటలు ఊరికే మోగడం మామూలే కదా! ఇంకా ఎక్కువ గంటలు మోగాయి. అప్పుడు బిల్డింగులో మరమ్మతు పని చేసే మనిషి చూసి వద్దామని లిఫ్టులో పైకి వెళ్ళాడు. 12వ అంతస్తులో లిఫ్టు తలుపు మంటల్లోకి తెరుచుకుంది. అతను తిరిగి రాలేదు.

ఫైరాఫీసుకు మొదటి ఫోన్లు లోపలివాళ్ళు చెయ్యలేదు. బయట ఉన్నవాళ్ళు మంటలు చూసి చేశారు. అప్పుడు టైము 10 గంటల 37 నిమిషాలు. మొదటి గంట మోగి ఏడు నిమిషాలు అయింది. 12 నుంచి 16 దాకా అంతస్తులు కాలాయి. నెత్తిమీదే గొట్టాలు ఉన్నాయి. వాటిలో నీళ్ళు మాత్రం రాలేదు.

అమెరికాలో దీనికి ఒక నియమం ఉంది. 24 గంటల్లో 10 గంటలకు మించి స్ప్రింక్లర్లు పని చెయ్యకపోతే, లేదా 4 గంటలకు మించి గంటలు పని చెయ్యకపోతే, బిల్డింగు ఖాళీ చెయ్యాలి. లేదా నిప్పు కాపలా పెట్టాలి. ఆ కాపలా మనిషికి ఇంకో పని చెప్పకూడదు. గేటు వద్దు, బండ్లు పెట్టించడం వద్దు. చూడటమే పని. మామూలుగా అరగంటకు ఒకసారి ప్రతి చోటూ చూడాలి. కొన్ని చోట్ల పావుగంటకే చూడాలంటారు.

రాత్రి ఎల్లయ్య మేనేజరు మాట లక్ష్మమ్మకు చెప్పాడు. లక్ష్మమ్మ ఊళ్ళో పొదుపు సంఘం లెక్కలు రాసిన మనిషి.

"ఒక అంతస్తు చూడాల్నంటే ఎంతసేపు పడుతది?" అని అడిగింది.

"గదులు, బాత్రూములు, కరెంటు గది, మెట్లు అన్నీ కలిపి అయిదు నిమిషాలు."

"పద్నాలుగు అయిదులు డెబ్బై. గంట మీద పది నిమిషాలు. నువ్వు పైన ఉన్నప్పుడు కింద నిప్పు పుడితే ఎవరు చూడాలె? గేటు కాడ ఎవరుండాలె?"

ఎల్లయ్య మాట్లాడలేదు. లక్ష్మమ్మ క్యాలెండరు కాగితం వెనక లెక్క వేసింది. అరగంట అంటే 30 నిమిషాలు. అంతస్తుకు 5 నిమిషాలు. ఒక మనిషి అరగంటలో 6 అంతస్తులు చూడగలడు. 14 అంతస్తులకు ఇద్దరు చాలరు, ముగ్గురు కావాలి. ఒక్కొక్కరికి 8 గంటల డ్యూటీ. రోజుకు మూడు డ్యూటీలు. మూడు మూళ్ళు తొమ్మిది. గేటు దగ్గర మనిషి వేరే.

పొద్దున ఎల్లయ్య ఆ కాగితం మేనేజరుకు చూపించాడు.

"తొమ్మిది మందా! జీతాలు ఎవరిస్తారు?" అన్నాడు మేనేజరు.

"నాలుగు రోజులే గద సారూ. మనుషులు దొరకకుంటే ఆఫీసులు మూసి పెట్టండి" అన్నాడు ఎల్లయ్య.

ఖర్చు మాట నిజమే. అమెరికాలో ఈ పనికే కంపెనీలు ఉన్నాయి. ఫోన్ చేస్తే కొన్ని గంటల్లో మనుషులను పంపుతాయి. గంటకు ఇంత అని తీసుకుంటాయి. ఆ ఖర్చుకు భయపడి యజమానులు మరమ్మతు తొందరగా చేయిస్తారు. అది మంచిదే.

మేనేజరు చివరికి రాత్రికి ముగ్గురిని, పగలు ఇద్దరిని పెట్టాడు. పగలు ఆఫీసువాళ్ళు ఉంటారు కదా అన్నాడు. అది సరి కాదు. ఎవరి పనిలో వాళ్ళుంటారు. తాళం వేసిన స్టోరు గదిలో ఏం జరుగుతుందో వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?

ఇక ఏం చూడాలి? మంటనే కాదు, మంట పుట్టే చోటు చూడాలి.

1991 ఫిబ్రవరి 23. అమెరికాలోనే ఫిలడెల్ఫియా నగరం. 38 అంతస్తుల ఆఫీసు బిల్డింగు. 22వ అంతస్తులో చెక్కలకు అవిసె నూనె పట్టించారు. పనివాళ్ళు నూనె గుడ్డలు అక్కడే వదిలి వెళ్ళారు. శనివారం రాత్రి అవి వాటంతట అవే వేడెక్కి అంటుకున్నాయి. ఎవరూ అగ్గిపుల్ల గియ్యలేదు. వినడానికి వింతగా ఉంటుంది. రైతుకు మాత్రం వింత కాదు. తడి గడ్డి వామి వేస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది కదా!

ఇక్కడ కూడా గంట మోగితే ఒక మనిషి లిఫ్టులో చూడబోయాడు. తలుపు తెరవగానే పొగ, సెగ కమ్మేశాయి. కింద ఉన్న కాపలా మనిషి లిఫ్టును దింపాడు కాబట్టి అతను బతికాడు. ఇక్కడ కూడా ఫైరాఫీసుకు మొదటి ఫోన్ రోడ్డు మీది మనిషే చేశాడు. మంట ఆరడానికి సుమారు 19 గంటలు పట్టింది. ఆర్పడానికి వెళ్ళిన ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 30వ అంతస్తులో స్ప్రింక్లర్లు ఉన్నాయి. పది మూతులు తెరుచుకున్నాయి. ఎనిమిది అంతస్తులు తిన్న మంట అక్కడ ఆగింది.

అందుకని రంగులు, నూనెలు, వెల్డింగు పని జరిగిన చోటు మళ్ళీ మళ్ళీ చూడాలి. వెల్డింగు అయిపోయాక కూడా ఒక గంట అక్కడే ఉండాలి. నిప్పురవ్వ దుమ్ములో దాక్కుని తర్వాత లేస్తుంది. ముందు ఈ గడువు అరగంట ఉండేది. 2019లో అమెరికా నియమంలో గంట చేశారు.

మెట్లు కూడా చూడాలి. అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు మెట్ల మీద పడేస్తారు. తలుపులకు తాళాలు వేస్తారు. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో నిప్పు పుట్టింది. అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీ యువకులు చనిపోయారు. ఊళ్ళ నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు. పొగకు ఊపిరాడక పోయారు. బయటికి దారి ఉండటం అంత ముఖ్యం.

గంట మోగితే ఎల్లయ్య ఇప్పుడు ఆపడు. పొగ కనిపించినా, కాలిన వాసన వచ్చినా ముందు 101కి ఫోన్ చేస్తాడు. 112కి చేసినా సరే. బిల్డింగు పేరు, వీధి, ఎన్నో అంతస్తో చెప్తాడు. తర్వాత అందరినీ మెట్ల మీదుగా బయటికి పంపిస్తాడు. లిఫ్టు ఎక్కడు, ఎక్కనివ్వడు. మేనేజరుకు ఫోన్ ఆ తర్వాతే. ఫైరింజను వచ్చి ఏమీ లేదని వెళ్ళిపోతే వెళ్ళిపోనీ. దానికి ఎవరూ ఉరి తియ్యరు.

కాపలాకు ఒక పుస్తకం ఉండాలి. తిరిగిన ప్రతిసారీ రాయాలి. తిరగకుండా రాయకూడదు. రెండో రాత్రి ఎల్లయ్య పుస్తకంలో ఒక పేజీ ఇట్లా ఉంది:

రాత్రి 1-30. 1 నుంచి 5 అంతస్తులు. అంతా బాగుంది. ఎల్లయ్య.
రాత్రి 2-00. 1 నుంచి 5 అంతస్తులు. 4వ అంతస్తు మెట్ల దగ్గర అట్టపెట్టెలు. తీసేసిన. ఎల్లయ్య.
రాత్రి 2-30. 3వ అంతస్తు. కరెంటు గదిల వైరు కాలిన వాసన. 101కు ఫోన్ చేసిన. ఊడ్చేటోళ్ళు ఇద్దరు పైన ఉంటే కిందికి పంపిన. ఎల్లయ్య.
రాత్రి 2-55. ఫైరింజను వచ్చింది. వైరు తీసేసిండ్రు. మంట లేదు. ఎల్లయ్య.

ఇప్పుడు మీరు లెక్క కట్టండి. బిల్డింగు 24 అంతస్తులు. ఒక్కో అంతస్తుకు 5 నిమిషాలు. అరగంటకు ఒకసారి అన్నీ చూడాలి. ఒక డ్యూటీకి ఎందరు కావాలి? రోజుకు ఎందరు? పావుగంటకు ఒకసారి చూడాలంటే ఎందరు?