మన ఊరి కథ ఎక్కడుంది?

ఓబులమ్మది కడప జిల్లాలో ఒక చిన్న ఊరు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

ఒకనాడు కూతురు అడిగింది, "అమ్మా, మన చెరువు ఎవరు కట్టించినారు?"

ఓబులమ్మకు తెలియదు. అత్తను అడిగింది. అత్తకు ఎనభై ఏళ్ళు దాటాయి. చూపు ఆనదు. జ్ఞాపకం మాత్రం గట్టిది.

"ఎవరు కట్టించినారో నాకు తెలీదు. మా మామకు అవ్వ ఉండె. పేరు నాగమ్మ. ధాత కరువులో ఈ కట్టకు మట్టి మోసిందంట. ఆ కూలితో ఇంటిల్లిపాదినీ బతికించిందంట" అంది అత్త.

ధాత కరువు ఎప్పుడు వచ్చింది? తెలుసుకోవాలని ఓబులమ్మ గ్రంథాలయానికి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. 'నాలాంటిదాన్ని రానిస్తారా?' అని భయం.

గ్రంథాలయం మేడం లోపలికి పిలిచింది. "మనం కట్టే ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడతాం. ఇది మనందరిదీ. ఇక్కడ కూర్చుని చదవడానికి డబ్బు అక్కర్లేదు. ఇంటికి తీసుకుపోవాలంటే డిపాజిట్ కట్టి సభ్యురాలివి కావాలి" అని చెప్పింది.

ధాత కరువు 1876లో మొదలైంది. 1878 దాకా జనాన్ని పీడించింది. ధాత అనేది ఆ తెలుగు సంవత్సరం పేరు. జనానికి కూలి దొరకాలని ఆనాటి ప్రభుత్వం చెరువు పనులు, కాలువ పనులు పెట్టించింది. అత్త మాటకు పుస్తకంలో ఏడాది దొరికింది!

మేడం ఇంకో పుస్తకం ఇచ్చింది. అవి కడప జిల్లా కైఫీయతులు. కైఫీయతు అంటే ఊరి వివరం. సుమారు 200 ఏళ్ళ కిందట మెకంజీ అనే దొర వీటిని సేకరించాడు. కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు ఆయనకు సాయపడ్డారు. కరణాలను, పెద్దలను అడిగి ఊరూరి సంగతులు రాయించారు. తర్వాత సి.పి. బ్రౌన్ దొర వాటికి నకళ్ళు రాయించాడు. ఆయన పేరుతో కడపలో ఉన్న పరిశోధన కేంద్రం వాటిని అచ్చు వేసింది. అన్ని ఊళ్ళ కైఫీయతులూ దొరకవు. ఓబులమ్మ ఊరిది దొరికింది.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. చెరువు కట్టించిన దొర పేరు ఉంది. గుడి మాన్యం లెక్క ఉంది. మట్టి మోసిన ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. నాగమ్మ కాలం నాటికి ఆ పుస్తకం రాయడం అయిపోయింది. కానీ ఆమె కంటే ముందు మోసినవాళ్ళ పేర్లూ అందులో లేవు.

ఆ రాత్రి ఓబులమ్మ నోటు పుస్తకం తెరిచింది. అత్త చెప్పింది. ఓబులమ్మ రాసింది. మొదటి పేజీలో మొదటి పేరు: నాగమ్మ.

"నా పేరు గూడా రాయే" అంది అత్త.

ఇలా చేయండి
1. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ళ అమ్మల పేర్లు రాయండి. పుట్టిల్లు ఏ ఊరో రాయండి.
2. పెద్దలు ఏళ్ళు చెప్పలేరు. "ఏ కరువులో? ఏ వరదలో?" అని అడగండి. ఆ ఏడాది ఏదో గ్రంథాలయంలో వెతకండి.
3. చెప్పింది ఎవరో, రాసిన తేదీ ఏదో కింద రాయండి.

చర్చించండి
మీ ఊరి చెరువు, బావి, గుడి ఎవరి చెమటతో లేచాయి? వాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు?